అప్‌డేట్: కార్డు పాయింట్లు క్యాష్‌గా మార్చాలా, వోచర్లుగానా?

ఎక్స్‌పైరీకి వచ్చిన నా క్రెడిట్ కార్డు రివార్డు పాయింట్లు 12,000 ఏం చేయాలని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను కదా, తేలింది. క్యాష్‌గా అయితే పాయింటుకు 20 పైసలు, అంటే 2,400. వోచర్‌కైతే 25 పైసల లెక్కన 3,000. కార్డు రివార్డుల కేటలాగ్‌లో ఈ 12,000 పాయింట్లూ అడిగిన మిక్సీ, అదే మోడల్, హనుమకొండ చౌరస్తాలో 2,200కే ఇస్తున్నారు! ఇంక ఆలోచించలేదు, సూపర్‌మార్కెట్ వోచర్లే తీసుకున్నాను. మీరన్నట్టు అన్నీ ఒకేసారి మార్చాను. మార్చిన ప్రతిసారీ 99 రూపాయల ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, దగ్గరదగ్గర 117 పోతాయి మరి.

కొత్త క్రెడిట్ కార్డు రూపేదే తీసుకున్నాను, యూపీఐకి కలుస్తుందని. కిరాణా, మందుల షాపుల్లో స్కాన్ చేస్తే చక్కగా పనిచేస్తోంది. కూరగాయలమ్మ దగ్గర మాత్రం పోలేదు. ఆమె బండికి అతికించింది వాళ్లబ్బాయి సొంత ఖాతా క్యూఆర్. వ్యాపారి క్యూఆర్ అయితేనే క్రెడిట్ కార్డు పనిచేస్తుందట. అక్కడ చిల్లరే గతి.

కొత్త కార్డుకిచ్చే జాయినింగ్ బోనస్ ఇంకా పడలేదు, దానికి ఖర్చు టార్గెట్ దాటాలి. దానికోసం అవసరం లేనివి కొనే ఉద్దేశం లేదు. వచ్చే నెల ఎలాగూ బండి ఇన్సూరెన్స్ కట్టాలి, దాంతో ఆ టార్గెట్ దాటుతుంది. బిల్లు మొత్తానికి ఆటో పే పెట్టేశాను, ఆ టెన్షన్ లేదు.