రెండు రోజుల క్యాంపుతో పిల్లల మధ్య పగ పోతుందా?

మారతహళ్ళి అమ్మ:
మొన్న మా అపార్ట్‌మెంట్ పార్కులో కన్నడ పిల్లలకీ తమిళ పిల్లలకీ కావేరి మీద మాటా మాటా పెరిగి కొట్టుకున్నారు. 2016 సెప్టెంబరులో ఇదే బెంగళూరులో తమిళనాడు బస్సులు తగలబడిన రోజులు చూశాను, అందుకే నాకు టెన్షన్‌గా ఉంది. అందరినీ కలిపి శని, ఆదివారాలు క్యాంపు పెడదామని అసోసియేషన్ వాళ్ళంటున్నారు. తెలుగువాళ్ళు మధ్యస్థులు కదా, మీరే నడపండి అన్నారు. ఇవి పనిచేస్తాయా?

జయనగర్ మాస్టారు:
రెండు రోజులు చాలవమ్మా. కలపడం కన్నా ఎలా కలుపుతామన్నదే ముఖ్యం. ఉత్తరప్రదేశ్‌లో మాట్ లోవ్ అనే ఆర్థికవేత్త వేర్వేరు కులాల కుర్రాళ్ళతో క్రికెట్ లీగ్‌లు పెట్టించారు. ఒకే జట్టులో ఆడినవాళ్ళకు ఇతర కులాల స్నేహితులు పెరిగారు. ఎదురెదురు జట్లలో ఆడినవాళ్ళకు ఆ మేలు జరగలేదు. కాబట్టి కన్నడ జట్టు, తమిళ జట్టు అని మాత్రం దయచేసి పెట్టకండి!

ఇరాక్‌లో సల్మా మూసా చేసిన పరిశోధన 2020లో వచ్చింది. ఐసిస్ వల్ల ఇళ్ళు వదిలి వచ్చిన క్రైస్తవ యువకుల ఫుట్‌బాల్ జట్లలో కొన్నింటికి ముస్లిం ఆటగాళ్ళను చేర్చారు. లీగ్ అయిపోయి ఆరు నెలలైనా ఆ జట్లవాళ్ళు ముస్లింలతో కలిసి ప్రాక్టీసుకు వచ్చారు. కానీ మైదానం దాటాక, ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లోని హోటల్‌కు వెళ్ళే విషయంలో పెద్ద మార్పు లేదు. పక్కన ఆడినవాడి మీద నమ్మకం కుదిరింది గానీ, ముక్కూ మొహం తెలియనివాళ్ళ దాకా అది పాకలేదు. నన్ను బాగా కలచివేసింది ఇదే.

బొమ్మనహళ్ళి:
మాస్టారూ, నాకింకో భయం ఉంది. ఇజ్రాయెల్, పాలస్తీనా పిల్లల్ని 1993 నుంచి అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ‘సీడ్స్ ఆఫ్ పీస్’ క్యాంపులో కలుపుతూ వచ్చారు. స్నేహాలు నిజమే. కానీ ఇంటికి వెళ్ళాక చెక్‌పోస్టులు అలాగే ఉన్నాయి. తమర్ సగీ అనే మనస్తత్వ పరిశోధకురాలి బృందం 2009లో ఇంకో సంగతి చూపించింది: స్నేహం పెరిగిన కొద్దీ బలహీన వర్గంవాళ్ళకు తమకు జరిగే అన్యాయం తక్కువగా కనబడుతుంది. నవ్వుతూ ఫొటో దిగితే గొడవ తీరిపోయినట్టా?

జయనగర్ మాస్టారు:
కాదండీ, మీ మాట ఒప్పుకుంటాను. అందుకే నీళ్ళ లెక్క పిల్లల ముందు పెట్టాలి. కావేరి మీద సుప్రీంకోర్టు 2018 తీర్పు ప్రకారం కర్ణాటక తమిళనాడుకు ఏటా వదలాల్సింది 177.25 టీఎంసీలు. ఆ తీర్పులోనే బెంగళూరు తాగునీటికి అదనంగా 4.75 టీఎంసీలు ఇచ్చారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని, తంజావూరు రైతు తరఫున కన్నడ పిల్లవాడు, మండ్య రైతు తరఫున తమిళ పిల్లవాడు మాట్లాడాలి. అరుచుకున్నా ఫరవాలేదు, సాయంత్రం మళ్ళీ ఒకే జట్టులో ఆడాలి.

మారతహళ్ళి అమ్మ:
అయితే శని, ఆదివారాల క్యాంపు వద్దని చెప్తాను. రెండు నెలలు, వారానికి రెండు సాయంత్రాలు, చీటీలు వేసి జట్లు. కొట్టుకున్న ఆ ఇద్దరినీ మాత్రం చీటీ లేకుండానే ఒకే జట్టులో వేస్తాను. గ్రౌండ్ సంగతి ఈ రోజే అడుగుతాను.