బ్రిడ్జ్‌లో 3 డైమన్లు అన్నాను, పార్ట్‌నర్ పాస్ అన్నారు: అది ఇన్విటేషనా (ఇష్టమైతే ఆగొచ్చు), ఫోర్సింగా (ఆగకూడదు)?

కళావరు_రాణి:

మొన్న ఆదివారం టీమ్స్ ఆటలో (అవే ముక్కలు రెండు టేబుళ్లలో ఆడి రెండు జట్ల స్కోర్లు పోల్చే ఆట) జరిగింది, ఇంకా మనసులోంచి పోవట్లేదు. మేము వల్నరబుల్, అంటే గెలిస్తే బోనస్, తగ్గితే జరిమానా రెండూ ఎక్కువ. నా పార్ట్‌నర్ మా బావగారు, అక్క భర్త. ఆయన వేలం పాటని 1 డైమన్‌తో ఓపెన్ చేశారు, నేను 1 ఆఠీను అన్నాను, ఆయన 1 ఇస్పేటు అన్నారు. అవతలివాళ్లు నోరు విప్పలేదు. నా చెయ్యి ఇది:

ఇస్పేటు: ఆసు, 6
ఆఠీను: రాజు, రాణి, 10, 8, 3
డైమన్: రాజు, రాణి, 7, 5
కళావరు: 6, 2

14 పాయింట్లు (ఆసు 4, రాజు 3, రాణి 2, జాకీ 1). ఓపెన్ చేసిన చేతికి ఎదురుగా మళ్లీ ఓపెన్ చేయదగ్గ చెయ్యి. గేమ్, అంటే పెద్ద బోనస్ వచ్చే కాంట్రాక్టు, ఉందని నాకు తెలుసు. కళావర్లో ఏమీ లేదు కాబట్టి నో ట్రంప్ (తురుపు లేని ఆట) నేను అనలేను. 2 డైమన్లు దాటేసి, అంటే జంప్ చేసి, 3 డైమన్లు అన్నాను. బావగారు కాసేపు ముక్కలు సర్దుకుంటూ ఆలోచించి, ఆకుపచ్చ పాస్ కార్డు తీసి కింద పెట్టారు. నా గుండె జారిపోయింది.

ఆయన దగ్గర ఇస్పేట్లు రాజు, రాణి, 8, 2. ఆఠీన్లు జాకీ, 4. డైమన్లు ఆసు, జాకీ, 9, 6, 3, 2. కళావరు ఒక్క 3. ఒక ఆఠీను, ఒక కళావరు పోయి 11 ట్రిక్కులు వచ్చాయి. మాకు 150. రెండో టేబుల్లో అవతలి జట్టు 5 డైమన్లకు వెళ్లి 600 తెచ్చుకుంది. ఒక్క బోర్డులో, అంటే ఒక్క పంపకంలో, 10 ఇంప్‌లు (టీమ్స్ ఆటలో స్కోరు తేడాని మార్చి లెక్కించే పాయింట్లు) పోయాయి.

నాకు ఈ ఆట నేర్పింది మా నాన్నగారు. "జంప్ చేస్తే ఇద్దరూ గేమ్ దాకా ఆగకూడదమ్మా" అనేవారు. బావగారేమో "నువ్వు పిలిచావు, నాది మినిమమ్, రానన్నాను" అంటున్నారు. నేను ఏం అని ఉండాల్సింది?

ఫోర్త్_సూట్:

2 కళావర్లు అనాల్సిందండీ. మూడు సూట్లు అయిపోయాక రెస్పాండర్ (ఓపెన్ చేసినవారి పార్ట్‌నర్) నాలుగోది అంటే "నా దగ్గర కళావర్లు ఉన్నాయి" అని కాదు. "గేమ్ దాకా ఆగొద్దు, మీ చేతి గురించి ఇంకొంచెం చెప్పండి" అని. బావగారికి కళావర్లో గార్డు (ఆ సూట్‌ని ఆపే పెద్ద ముక్క) లేదు, మీ ఆఠీన్లకు మూడు ముక్కల సపోర్టూ లేదు, కాబట్టి 2 డైమన్లు అంటారు. అప్పుడు మీరు 3 డైమన్లు అనండి. అదే బిడ్, కానీ ఈ దారిలో వచ్చింది కాబట్టి ఆయన పాస్ చేయలేరు. 10-12 పాయింట్లు ఉన్న రోజున మాత్రం నేరుగా 3 డైమన్లు.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఆయన 2 నో ట్రంప్ అనలేదంటే కళావర్లు ఆగవని మీకు తెలిసిపోతుంది. మీ ఇద్దరికీ కలిపి 25 పాయింట్లు ఉన్నాయని 3 నో ట్రంప్‌కి వెళ్లి ఉంటే? కళావరు లీడ్ పడితే వాళ్ల దగ్గర పది ముక్కలు, వరసగా ఐదు ట్రిక్కులైనా లాగేస్తారు. ఈ చేతులకి 5 డైమన్లే సరైన చోటు.

ఒక్క జాగ్రత్త: ముందే పాస్ చేసిన చేతితో నాలుగో సూట్ అంటే గేమ్ ఫోర్సింగ్ అనుకోకండి. అలాగే 1 కళావరు, 1 డైమన్, 1 ఆఠీను తర్వాత 1 ఇస్పేటు వస్తే దాన్ని సహజమైన బిడ్‌గా ఆడేవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ ముందే మాట్లాడుకోండి.

పాత_పేక:

మీ నాన్నగారిని తప్పు పట్టకండమ్మా. గోరెన్ అనే అమెరికన్ నిపుణుడి పద్ధతి నడిచిన రోజుల్లో 1 ఆఠీనుకి 3 ఆఠీన్లు అంటే గేమ్ ఫోర్సింగే. నేనూ అలాగే నేర్చుకున్నాను. తర్వాత అదే బిడ్ లిమిట్ రైజ్ (పార్ట్‌నర్ సూట్‌నే పెంచుతూ మన పరిమితి చెప్పడం) అయింది, 10-12 పాయింట్లు చూపించి "మీ ఇష్టం" అనడానికి. గేమ్ ఖాయమైన రైజ్‌కి జాకోబీ 2 నో ట్రంప్ అనే ప్రత్యేక బిడ్ వచ్చింది. మీ ఇద్దరిదీ తెలివితక్కువతనం కాదు, వేరువేరు కాలాల ఆట. అందుకే కొత్త పార్ట్‌నర్‌తో కూర్చునేటప్పుడు నేను అడిగే మొదటి మాట: "మీ జంప్‌లు ఆగుతాయా, ఆగవా?"

ఇంప్_లెక్క:

ఇన్విటేషనే అనుకున్నా బావగారు వెళ్లి ఉండాల్సింది, ఆ మాట ఆయనకి చెప్పండి. 11 పాయింట్లేనని తగ్గారు గానీ 6-4 చెయ్యి (ఆరు డైమన్లు, నాలుగు ఇస్పేట్లు), కళావర్లో సింగిల్‌టన్ (ఒక్కటే ముక్క), ఆరు డైమన్లకు ఎదురుగా సపోర్టు. పైగా వల్నరబుల్. గేమ్ అయితే 600, ఆగితే 150, తేడా 450, 10 ఇంప్‌లు. ఒక్కటి తగ్గి పోతే మైనస్ 100, ఆగి ఉంటే 130, తేడా 230, 6 ఇంప్‌లు. పది కోసం ఆరు ఒడ్డుతున్నాం, అంటే 37.5 శాతం అవకాశం చాలు. నాన్‌వల్నరబుల్ అయితే 45 శాతం దాకా కావాలి. పెయిర్స్ ఆటలో (ఎంత తేడాతో అని కాక, ఎన్ని జంటలను మించామన్నదే లెక్క) సగానికి సగం ఉండాలి, అక్కడ ఆయన పాస్‌ని నేనూ ఒప్పుకునేవాణ్ణి.

కళావరు_రాణి:

అందరికీ ధన్యవాదాలు. రాత్రి బావగారికి ఫోన్ చేసి అన్నీ చదివి వినిపించాను. 37.5 దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, 2 కళావర్లు రాసుకో" అన్నారు. నాన్నగారి పాత నోట్‌బుక్కులోనే చివరి పేజీలో రాశాను: నాలుగో సూట్ అయితే గేమ్ దాకా; నేరుగా జంప్ అయితే ఆగవచ్చు. ఒకటి మాత్రం తేలలేదు. అవతలివాళ్లు మధ్యలో 2 కళావర్లు ఓవర్‌కాల్ చేస్తే మాకు నాలుగో సూట్ ఉండదు కదా, అప్పుడు వాళ్ల సూట్‌నే 3 కళావర్లు అని క్యూబిడ్ చేస్తే సరిపోతుందా?