ఫ్యూయల్ పంపుకు డైరెక్ట్ వైర్: ఉంచాలా, పీకెయ్యాలా?

పరకాల పెట్రోల్
నాది పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ఒకటే సతాయింపు. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. కాసేపు ఆగి కొడితే స్టార్ట్ అవుతుంది. కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద ‘జ్యీ’మని వినిపించాలి కదా, మొండికేసినప్పుడు ఆ శబ్దమే ఉండదు. హన్మకొండలో తెలిసిన మెకానిక్ చూసి పంపు మంచిగానే ఉంది, వైరింగ్ పోయిందన్నాడు. బ్యాటరీ నుంచి పంపుకు నేరుగా వైరు లాగి స్టీరింగ్ కింద స్విచ్ పెట్టాడు. ఇప్పుడు స్టార్ట్ అవుతోంది. మా బావమరిది ఆ స్విచ్ చూసి ‘ఇది నిప్పుతో చెలగాటం బావా, వెంటనే తీయించు’ అంటున్నాడు. మెకానిక్‌నేమో అడిగితే ‘పాత వైరింగ్ వెతకాలంటే డ్యాష్‌బోర్డ్ అంతా విప్పాలి, ఉత్త దండగ’ అంటాడు. ఎవరి మాట వినాలి?

మార్కెట్ డ్రైవర్
మెకానిక్ మాట వినన్నా. నేను ఎనుమాముల నుంచి ఏటూరునాగారం వైపు కిరాయిలు కొడతా. తాడ్వాయి అడవిలో రాత్రిపూట బండి ఆగితే ఎవర్ని పిలుస్తావు? బండిలో చిన్నపిల్లలు ఉంటే ఫ్యూజులు, రిలేలు వెతుక్కుంటూ కూర్చుంటామా? పంపు అంటే మోటారే కదా, ప్లస్ మైనస్ ఇస్తే తిరుగుతుంది. మేడారం జాతరప్పుడు రోడ్డు పక్కన ఆగిన బండ్లు ఎన్ని ఇట్లనే లేస్తాయో వచ్చి చూడు.

ముప్పై ఎనభైఏడు
నాది వైరింగ్ పనే. ఇల్లు చేరడానికి డైరెక్ట్ ఇస్తే ఎవరూ తప్పు పట్టరు. చేరాక కూడా దాన్నే ఉంచుకోవడం మీదే నా గొడవ.

ఈ కార్లలో పంపును నడిపేది కీ కాదు, ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్. కీ ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లు రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను ఆన్ ఆఫ్ చేసే స్విచ్) ఆన్ చేసి లైన్లో ప్రెషర్ నింపుతుంది. ఆ తర్వాత ఇంజిన్ తిరుగుతోందని క్రాంక్ సెన్సర్ చెబితేనే పంపు నడుస్తుంది, లేకుంటే ఆపేస్తుంది. బండి దేనికైనా గుద్దుకొని ఇంజిన్ ఆగిందంటే పంపు కూడా దానంతటదే ఆగిపోతుంది. మీ బండిలో ఆగదు. ముందు భాగంలో పెట్రోల్ పైపు పగిలి ఉంటే వేడి ఇంజిన్ మీదికి పెట్రోల్ కొడుతూనే ఉంటుంది. స్విచ్ ఆపాలన్న సోయి అప్పుడెవరికి ఉంటుంది?

ఇంకోటి. ఆ కొత్త వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టారా? చాలామంది పెట్టరు. వైరు కార్పెట్ కింద నుంచి పోతుంది, ఎక్కడో రేకు అంచుకు ఒరుసుకొని స్లీవ్ తెగిందంటే కాలేది ఫ్యూజ్ కాదు, వైరే. అదీ ట్యాంకు దాకా పోయిన వైరు.

మార్కెట్ డ్రైవర్
భయపెట్టకు భాయ్. ఫ్యూజ్ పెడతాం, స్విచ్ తీసేసి కీ ఆన్‌తో పనిచేసే రిలే పెడతాం. అప్పుడేం అంటావు?

ముప్పై ఎనభైఏడు
స్విచ్ కన్నా నయం అంటాను. కానీ గుద్దుకున్నప్పుడు కీ ఆన్‌లోనే ఉంటుంది కదా తమ్మీ. పంపు ఆగదు.

ఎలుకల బాధితుడు
మా ఇల్లు రైస్ మిల్లు పక్కన. ముందు వెనక సీటు ఎత్తి చూడండి, మిగతా శాస్త్రం తర్వాత. మా బండిలో పంపు వైరును పెన్సిల్ చెక్కినట్టు కొరికి పెట్టాయి. ఆ పిల్ల ఎలుకల సంసారాన్ని ఖాళీ చేయించడానికి మా ఆవిడ పడ్డ తిప్పలు వేరే కథ.

పరకాల పెట్రోల్
ఎలుకల జాడ లేదు. మెకానిక్ మొదట మీటర్ పెట్టినప్పుడు పంపు కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) దగ్గర 12 వోల్టులు చూపించింది, అయినా పంపు తిరగలేదు. కరెంట్ వస్తున్నా తిరగకపోతే పంపుదే తప్పు కదా అని నా డౌట్.

ముప్పై ఎనభైఏడు
అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. కప్లర్ పీకి మీటర్ పెడితే వైరులో ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది. మీటర్ తాగే కరెంట్ దాదాపు సున్నా. చిన్న కార్ల పంపు సాధారణంగా 4 నుంచి 7 ఆంప్స్ దాకా లాగుతుంది. లోడ్ పడ్డప్పుడే అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి కప్లర్ పెట్టే ఉంచి, పంపు తిరుగుతుండగా చూడాలి.

ముందు తేలిక పని: ఫ్యూజ్ చూసి, పంపు రిలేని హారన్ రిలేతో మార్చండి. రెండింటి నంబరూ పిన్నులూ ఒకటైతేనే. తర్వాత మీటర్ వోల్టుల మీద పెట్టి, ఒక కొన బ్యాటరీ ప్లస్‌కు, రెండోది కప్లర్ వెనక నుంచి పంపు ప్లస్ పిన్నుకు తాకించండి. దారిలో ఎంత పోతోందో అదే చెబుతుంది. అలాగే పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు. ఒక్కో వైపు అర వోల్టు దాటితే అటు వైపు రోగం ఉన్నట్టే. రెండోదాన్ని, అంటే ఎర్త్‌ను, ఎవరూ చూడరు.

జాగ్రత్త, కింద పెట్రోల్ ఆవిరి ఉంటుంది. కప్లర్ పీకాల్సి వస్తే ముందు బ్యాటరీ తీసేయండి. అక్కడ టెస్ట్ బల్బు వైర్లతో నిప్పురవ్వలు రానివ్వొద్దు.

కాజీపేట పోరగాడు
ఒక మాట అన్నా. పాత ఓనర్ గ్యాస్ కిట్ పెట్టించాడేమో అడుగు. గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోల్ పంపు ఆగాలని కొందరు పంపు వైరు కోసి మధ్యలో రిలే పెడతారు. కిట్ పీకేటప్పుడు ఆ కోసిన చోట మెలేసి టేప్ చుట్టి వదిలేస్తారు.

పరకాల పెట్రోల్
కిట్ లేదట, కనుక్కున్నాను. ఈ రోజు షెడ్డులో బావమరిది, నేను కూర్చొని చూశాం. డైరెక్ట్ స్విచ్ ఆన్, ఇంజిన్ ఆఫ్. బ్యాటరీ 12.4. ప్లస్ వైపు పోతున్నది 0.3. మైనస్ వైపు 2.1! డైరెక్ట్ వైరు తీసి రిలే మారిస్తే మళ్లీ ‘జ్యీ’ వచ్చింది. పాత రిలే మూత విప్పితే లోపల పాయింట్లు నల్లగా మాడి గుంటలు పడ్డాయి.

ముప్పై ఎనభైఏడు
రోగాలు రెండన్నమాట. రిలే ఒకటి, ఎర్త్ ఒకటి. మీ మెకానిక్ వైరు మొదటిదాన్ని దాటేసింది, రెండోదాన్ని ముట్టలేదు. ఇప్పటికీ పంపుకు అందుతున్నది 10 వోల్టులే. 5 ఆంప్స్ అనుకున్నా ఆ ఎర్త్ దగ్గర పది వాట్లు వేడి కింద పోతున్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి గుంజినట్టు అనిపించడం లేదా?

పరకాల పెట్రోల్
అనిపిస్తోంది! పెట్రోల్‌లో కల్తీ అనుకున్నా.

ఎర్త్ బోల్టు డిక్కీ కార్పెట్ కింద దొరికింది. లగ్గు (వైరు కొసకుండే రింగు) కింద ఎర్రటి తుప్పు, ఒక పక్క పచ్చటి పొడి. తీసి రేకు మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది బిగించాం. ఇప్పుడు 0.1.

మార్కెట్ డ్రైవర్
సరే, ఒప్పుకుంటా, ఈ బండికి ఎర్త్ దెబ్బ. అయినా నా డిక్కీలో ఒక వైరు ముక్క ఉంటది.

ముప్పై ఎనభైఏడు
ఉంచుకో తమ్మీ. రెండు కొసలకూ రిలే పిన్ను వెడల్పు క్లిప్పులు, మధ్యలో 15 ఆంప్స్ ఫ్యూజ్. అవసరమైతే రిలే పీకి ఆ సాకెట్‌లో 30, 87 నంబర్ల పిన్నుల చోట పెట్టు. ట్యాంకు దాకా కొత్త వైరు అక్కర్లేదు. బండి ఆపగానే పీకెయ్యి, లేకుంటే పంపు తిరుగుతూనే ఉంటుంది.

పరకాల పెట్రోల్
కొత్త రిలే తెచ్చాను. ఆ స్విచ్చూ వైరూ మెకానిక్‌తోనే తీయించాలి, అతను మా ఊరివాడే. పక్కవాళ్ల మాట విని వచ్చావా అని మొహం మాడ్చుకుంటాడేమోనని టెన్షన్.

మార్కెట్ డ్రైవర్
స్విచ్ మాట ముందు ఎత్తకన్నా. రిలే కొన్నా, పెట్టియ్యి అను. అది పెట్టాక బండి లేస్తే, ఇంక ఈ వైరెందుకని అతనే అంటడు.