పాత ప్రభుత్వ కార్యాలయాలకు ర్యాంపులు కట్టాలా, సేవలనే ఇంటికి పంపాలా?

చక్రాల కుర్చీ:
భూమి తగాదా విచారణకు హాజరు కావాలని మా ప్రాంతంలోని ఒక రెవెన్యూ కార్యాలయం నాకు నోటీసు పంపి, ఆ విచారణను లిఫ్టు లేని మొదటి అంతస్తులో పెట్టింది. గుమస్తా కిందికి దిగివచ్చి నాచేత సంతకం పెట్టించుకుని వెళ్లారు. పైన అవతలి పక్షం ఏమి చెప్పుకుందో నాకు తెలియదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 45వ సెక్షన్ ప్రకారం, నియమావళి వెలువడిన నాటి నుంచి ఐదేళ్లలోగా ఇప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలన్నింటినీ అందరికీ అందుబాటులోకి తేవాలి. నియమావళి 2017 జూన్ 15న వచ్చింది కనుక గడువు 2022లోనే తీరిపోయింది. ఇంకా ఎందుకు అడుక్కోవాలి?

విశ్రాంత ఏఈ:
మీ బాధ న్యాయమైనదే, కానీ కొలతలు కూడా చూడాలి. ప్లింత్ ఎత్తు, అంటే నేల నుంచి గడప దాకా ఉన్న ఎత్తు, మూడడుగులైతే, ఒకటికి పన్నెండు వాలు చొప్పున ముప్ఫై ఆరడుగుల ర్యాంపు పడుతుంది. మధ్యలో ఆగడానికి చదును వేరే. పాత తాలూకా కచేరీల ముందు అంత జాగా ఎక్కడుంది? నేను అసిస్టెంట్ ఇంజనీరుగా ఉండగా మరమ్మతుల అంచనాలో ర్యాంపును చేర్చినందుకు ఆడిట్ అభ్యంతరం వచ్చి, నా పదవీ విరమణ సొమ్ము చాలాకాలం నిలిచిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను ఇంటి దగ్గరే అందుతోంది. మిగతా సేవలనూ అలాగే పంపితే ఖర్చు తక్కువ, శ్రమా తక్కువ.

గట్టు మీద:
మా దగ్గర కట్టిన ర్యాంపు సిబ్బంది మోటారు సైకిళ్లు ఎక్కించుకోవడానికి చక్కగా పనికొస్తోంది.

కాగితాల కట్ట:
ఏఈ గారూ, ర్యాంపు తిన్నగానే ఉండాలని ఎవరూ అనలేదు, మలుపు తిప్పి కట్టవచ్చు. అదీ కుదరకపోతే విచారణను కింది గదిలోకి మార్చడానికి సిమెంటు అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు. అసలు చిక్కు నియమావళిలోనే ఉండేది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని 15వ నియమం పాటిస్తే మంచిదన్న స్థాయి మార్గదర్శకాలకు వదిలేసింది. భవనాల అందుబాటు కోసం రాజీవ్ రాటూరీ వేసిన కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ నియమం చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికల్లో ఒకటి మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం తయారుచేసినదే.

విశ్రాంత ఏఈ:
మలుపు తిప్పితే వెడల్పు రెట్టింపవుతుంది. తీర్పు రాసిన వారెవరూ టేపు పట్టుకుని ఆ ఆవరణలో నిలబడలేదు.

తెల్లకర్ర:
చర్చంతా వాలు చుట్టూనే తిరుగుతోంది. నాకు చూపు లేదు, మెట్లు ఎక్కగలను. ఎక్కిన తరువాత టోకెన్ నంబరు బోర్డు మీద వెలుగుతుందే తప్ప ఎవరూ పైకి చదవరు. ఇంట్లో కూర్చుని దరఖాస్తు పెట్టుకుందామంటే, వెబ్‌సైటు బొమ్మలోని అక్షరాలను గుర్తించమంటుంది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. దానికి ముప్ఫై ఆరడుగుల జాగా అక్కరలేదు కదా?

విశ్రాంత ఏఈ:
వెబ్‌సైటు నా విషయం కాదు. వికలాంగుల చట్టం 89వ సెక్షన్ కింద మొదటి ఉల్లంఘనకు పదివేల వరకు, ఆపైన యాభై వేల నుంచి ఐదు లక్షల వరకు జరిమానా ఉంది. దాన్ని ఎవరి మీద వేస్తారు? నిధులివ్వని శాఖ మీదనా, అంచనా వేసిన ఇంజనీరు మీదనా? చివరికి మాలాంటి వాళ్లే దొరుకుతారు. ఇంటికే వచ్చి పనిచేసి పెడతామన్నా వద్దనేవారికి కావలసింది సేవ కాదు, పంతం.

చక్రాల కుర్చీ:
పంతమే అనుకోండి. మా ఊళ్లో అందరూ నడుచుకుంటూ వెళ్లి అధికారి ముఖం మీద అడగగలిగిన ప్రశ్నను, నేను మాత్రం వరండాలో గుమస్తాకు చెప్పి పంపాలా? పింఛను ఇంటికి వస్తుంది, సరే. విచారణ ఇంటికి వస్తుందా? ఇదే చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ కోటాలో ఎంపికైన వ్యక్తికి కుర్చీ పై అంతస్తులో వేస్తే, ఉద్యోగాన్ని కూడా ఇంటికే పంపిస్తారా? మీ లెక్కలో మేము ఎప్పుడూ తీసుకునే చేతులమే, ఆ బల్లకు అవతల కూర్చునేవాళ్లం కాము.

విశ్రాంత ఏఈ:
అంత మాట అనవద్దు. మా చెల్లెలికి పోలియో. ఆఫీసుల్లో ఆమెను నలుగురు మోసుకుపోతుంటే జనం చూసిన చూపు నాకు తెలుసు. అందుకే ఆ తరువాత ఆమెను ఏ మెట్టూ ఎక్కనివ్వలేదు, అన్నీ గుమ్మంలోకే తెప్పించాం. ఇప్పటికీ అదే సరైనదని అంటాను.

చక్రాల కుర్చీ:
మోయవలసి వచ్చింది మెట్ల వల్ల. మీరు మాన్పించినది ఆమె ప్రయాణాన్ని. మనిద్దరి మధ్య తేడా వాలులో లేదు సార్, ఇక్కడే ఉంది.

గట్టు మీద:
చెల్లెలు గారిని అడిగారా?

విశ్రాంత ఏఈ:
మా ఇంటి విషయం వదిలేయండి. ఆ భవనం ప్లింత్ ఎత్తు, ముందున్న జాగా ఎవరైనా కొలిచి ఇక్కడ రాస్తే మాట్లాడతాను.

కాగితాల కట్ట:
చక్రాల కుర్చీ గారూ, కొలతల కోసం ఆగకండి. విచారణను కింది గదిలో జరపాలని ఆ కార్యాలయ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడ పని కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరకు వెళ్దాం. అర్జీ ముసాయిదా నేను రాసి పెడతాను.