అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎండల ఫార్వర్డ్‌లు: ఏం జవాబివ్వాలి?

పటమటలంక_302
గ్రూపులో ఈ వారం తిరుగుతున్నవి నాలుగు. ‘అఫీలియన్’ (భూమి సూర్యుడికి అతి దూరంగా ఉండే సమయం) వల్ల ఆగస్టు దాకా చలి, జలుబు అని ఒకటి. బెజవాడలో 51 డిగ్రీలంటూ ఫోన్ స్క్రీన్‌షాట్ ఒకటి. ఎండాకాలం బైకు ట్యాంకు ఫుల్ కొట్టిస్తే పేలుతుందని ఫొటోతో మూడోది. నాలుగోది 2024లో సింగ్‌నగర్‌ని ముంచిన బుడమేరు వాగు వరద: సగం మంది ‘అంతా క్లైమేట్ ఛేంజే’, సగం మంది ‘క్లైమేట్ ఛేంజే పెద్ద బూటకం’. పెద్దవాళ్లు నొచ్చుకోకుండా రెండు ముక్కల్లో ఏం రాయాలి?

లెక్కల_పంతులు
అఫీలియన్‌ది సులువు. మామూలు దూరం 9 కోట్ల కిలోమీటర్లు, ఇప్పుడు 15.2 కోట్లయిందని కదా ఆ మెసేజ్? ఆ 9 కోట్ల చిల్లర మైళ్లు. కిలోమీటర్లలో సగటే 15 కోట్లు. జనవరి మొదటి వారంలో 14.7, జూలై మొదట్లో 15.2. తేడా మూడు శాతం పైచిలుకు, అంతే. ఒక్క ప్రశ్న వేయండి: సూర్యుడు దగ్గరగా ఉండే జనవరిలో దుప్పట్లెందుకు కప్పుకుంటున్నాం?

గన్నవరం_గాలి
స్క్రీన్‌షాట్‌లో 51 పక్కన చిన్నక్షరాల్లో ‘ఫీల్స్ లైక్’ ఉందేమో చూడండి. గాలి 40 డిగ్రీలు, తేమ 40 శాతం ఉంటే ఆ లెక్క 48 చూపిస్తుంది. అది థర్మామీటరు కొలిచింది కాదు, చెమట ఆరక ఒంటికి తెలిసే వేడికి వేసిన అంచనా. వడదెబ్బ విషయంలో పట్టించుకోవాల్సిందే. రికార్డు బద్దలైందని మాత్రం చెప్పకూడదు.

మిర్చియార్డు
యాప్‌లు వదిలేయండి. మా బాల్కనీ థర్మామీటరే 49 చూపిస్తోంది. అధికారులు తగ్గించి చెబుతున్నారు, అందరికీ తెలిసిందే.

గన్నవరం_గాలి
గోడకి మేకు కొట్టి తగిలించారా? అయితే మీరు కొలిచింది గోడని. వాతావరణ కేంద్రంలో తెల్ల రంగు చెక్క పెట్టె ఉంటుంది, స్టీవెన్‌సన్ స్క్రీన్. గాలి ఆడేలా వాలు పలకల గోడలు, తలుపు ఉత్తరానికి, నేలకి మనిషి ఛాతీ ఎత్తులో, కింద గడ్డి, చుట్టూ ఖాళీ. రెంటచింతలైనా రాజమండ్రైనా ఇదే పద్ధతి.

మిర్చియార్డు
మనం గడ్డి మీద బతుకుతున్నామా గురూ? బెంజి సర్కిల్ తారు మీద బతుకుతున్నాం. అక్కడి వేడి ఎవరు చెబుతారు?

గన్నవరం_గాలి
ఆ మాట న్యాయమే. కానీ అది వేరే కొలత. పాత రికార్డుతో పోల్చాలంటే పాత పద్ధతిలోనే కొలవాలి. లేకపోతే మీ బాల్కనీకీ 1980లో వాతావరణ కేంద్రానికీ పోలికేంటి?

సెన్సార్_బాబాయ్
22 ఏళ్లుగా సెన్సార్లతోనే నా పని. ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. వేడి కొలిచే సెన్సారుకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి నీడలో పెట్టండి.

గన్నవరం_గాలి
22 ఏళ్లకి ఫాయిలా, బాబాయ్? చుట్టేస్తే గాలి ఆడదు, లోపల వేడి నిలుస్తుంది. ఆ చెక్క పెట్టెలాంటిది ఇంట్లో చేసుకోవాలంటే పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ ప్లేట్లు ఏడు తీసుకోండి. పైరెండూ వదిలి మిగతావాటికి మధ్యలో కన్నం కోసి, బోర్లించి, మూడు పొడుగు బోల్టులకి గుచ్చండి. ప్లేటుకీ ప్లేటుకీ రెండు సెంటీమీటర్ల సందు. సెన్సారు ఆ మధ్యలో వేలాడాలి, దేనికీ తగలకూడదు. ముందు ఐసు దంచి కొంచెం నీళ్లు పోసి అందులో సెన్సారు ముంచండి, సున్నా చూపించాలి. రెండు చూపిస్తే ప్రతి రీడింగులో రెండు తీసేయండి.

సెన్సార్_బాబాయ్
సెన్సారుని నీళ్లలో ముంచమనేవాడు నాకు పాఠం చెబుతున్నాడు. తేమ కొలిచే డిజిటల్ పీసైతే అక్కడికక్కడే పోతుంది.

గన్నవరం_గాలి
ప్లాస్టిక్ కవర్లో కట్టి ముంచాలి. అది రాయలేదు, తప్పు నాదే. ఫాయిల్ తప్పు మాత్రం మీదే.

కొత్తపేట_కబుర్లు
రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన తాతలనాడే అన్నారు. కొత్తగా వచ్చిందేముంది?

లెక్కల_పంతులు
రోహిణిలో కాలడం కొత్త కాదండీ. కాలే రోజులు ఎన్ని, రాత్రి ఎంతకి దిగుతోంది అన్నవే చూడాలి. వాతావరణ శాఖ వడగాలి అనాలంటే మైదానంలో 40 దాటి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుండాలి, లేదా నేరుగా 45 తాకాలి. శీతోష్ణస్థితి అంటే 30 ఏళ్ల సగటు. ఒక్క మధ్యాహ్నంతో అటూ తేలదు, ఇటూ తేలదు.

సింగ్‌నగర్_రెండో_అంతస్తు
క్లైమేట్ పేరు చెప్పి మనుషుల తప్పులు కప్పెయ్యకండి! 2024 సెప్టెంబరులో గండ్లు పడింది బుడమేరు కట్టలకి, ఆకాశానికి కాదు.

లెక్కల_పంతులు
రెండూ ఉన్నాయి, కోప్పడకండి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు, అందుకే కురిస్తే కుండపోత. కానీ వెలగలేరు నుంచి బుడమేరు నీళ్లు తీసుకెళ్లే మళ్లింపు కాలువ కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోనే. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది నిండుగా ఉంటే కాలువ నీళ్లెటు పోతాయి? గ్రూపులో ‘11 లక్షల టీఎంసీలు’ అని కూడా తిరిగింది. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు ప్రవాహం, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. లెక్క కట్టుకోండి.

సింగ్‌నగర్_రెండో_అంతస్తు
లెక్క సరే. కట్ట మీద మట్టి ఎవరు తవ్వుకుపోయారో అది కట్టండి ముందు.

పటమటలంక_302
ట్యాంకు సంగతి ఎవరూ చెప్పలేదు. ఎలా రాయాలో కూడా చెప్పలేదు.

ఆటోనగర్_స్పానర్
ఆ ఫొటో తిరిగి పెట్టొద్దు, మీరే ఇంకో పదిమందికి పంచినట్టవుతుంది. నిజం ముందు, ఒక్క వాక్యంలో. ఇలా: ‘పెట్రోలు డిగ్రీకి వెయ్యో వంతు పెరుగుతుంది, 12 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కినా పావు లీటరు లోపే.’ దానంతట అది అంటుకోవాలంటే రెండొందల డిగ్రీలు దాటాలి. ట్యాంకు మెడ కింది అంచు దాకా పోయించుకుని ఆపండి. సైడ్ స్టాండు మీద వంచి మూతి దాకా కొట్టిస్తే మూత గాలి రంధ్రంలోంచి కారుతుంది. చూసినవాళ్లు ‘పొంగింది’ అంటారు.

మిర్చియార్డు
ఆ తెల్ల ప్లేట్లు ఏ సైజు? ఆరంగుళాలా, ఎనిమిదా?