పులిజూదం నేల మీదే ఆడాలా, ఫోన్‌లో చాలదా?

కపిలతీర్థం:
తిరుపతిలో మా అపార్ట్‌మెంట్‌లో మూడు ఇళ్లవాళ్లు చెక్క పులిజూదం బోర్డు కొన్నారు. అదే ఆట ఫోన్‌లో ఉచితం. గీతలు కలిసే 23 చోట్లూ అవే, 3 పులులూ 15 మేకలూ అవే. పాత మోజు తప్ప ఇందులో ఇంకేముంది?

గంగజాతర:
ఉంది అన్నా. పోయిన వేసవిలో తిరుమల వెళ్లాం. ఫోన్లు ముందే డిపాజిట్ చేశాం కదా, కంపార్ట్‌మెంట్‌లో మా పిల్లలిద్దరికీ మొదటి గంట చేతులు ఊరుకోలేదు. మా అత్త చూసి చూసి పాత పేపరు మీద పెన్నుతో గీతలు గీసింది. శనక్కాయ పప్పులు మేకలు, రూపాయి బిళ్లలు పులులు. చచ్చిన మేకను పులివాడు తినెయ్యొచ్చు! (పాత గుడి మండపాల్లో బండల మీద ఈ గీతలు చెక్కి ఉంటాయి, గమనించారా? అప్పుడూ ఇలాగే ఎదురుచూస్తూ ఆడేవాళ్లు కాబోలు.)

కాసేపటికి చిన్నోడు మేకను గీత లేని చోటికి జరిపేశాడు. "తొండి!" అని పెద్దది అరిచింది. వాడు అలిగాడు. పక్కన కూర్చున్న ముసలాయన తీర్పు చెప్పాడు. వాడు మేకను వెనక్కి పెట్టాడు, ఆట సాగింది. ఫోన్‌లో అయితే ఆ మేక కదలనే కదలదు. తొండి చేసే వీలే లేదు, కాబట్టి ఒప్పుకుని సర్దుకునే అవసరమూ రాదు. నా పిల్లలకు నేను నేర్పించాలనుకునేది ఆ సర్దుకోవడమే.

తోతాపురి:
అక్కా, మీకు ఎదురుగా కూర్చునే మనుషులున్నారు. చిత్తూరులో మా నాన్న ఒక్కడే ఉంటాడు, నేను బెంగళూరులో. రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్‌లో ఆడతాం. అది లేనప్పుడు మా మధ్య "తిన్నావా", "తిన్నా" తప్ప మాటే ఉండేది కాదు. దాన్ని దయచేసి తక్కువ చేయొద్దు.

గంగజాతర:
తక్కువ చేయను తమ్ముడూ, ఆ ఆట మానొద్దు. ఒక్కరే కూర్చుని మెషీన్‌తో ఆడటమే నాకు నచ్చనిది. ఊరికి వెళ్లినప్పుడు కూడా ఫోన్‌లోనే ఆడతారా?

తోతాపురి:
లేదక్కా. నాన్న వసారాలో సుద్దముక్కతో గీస్తాడు. పదిహేను మేకలూ దిగేదాకా ఏ మేకనూ కదపకూడదంటాడు. మేము ఆడే యాప్‌లో ఆ రూల్ లేదు, అదే ఆయన బాధ.

గంగజాతర:
మా అత్త రూలూ అదే! మరి పులి ఒకే ఊపులో రెండు మేకల్ని తినొచ్చా, మీ నాన్న లెక్కలో?