కనకపోయినా ఆ బంధం ఒంట్లో పుడుతుందా?

ఏడాది నిండని పాపను దత్తత తీసుకున్నాం. పాలసీసా పడుతుంటే నా చూపుడు వేలు గట్టిగా పట్టుకుంటుంది, కానీ కళ్లలోకి చూడదు. ఏడ్చినప్పుడు ఎవరు ఎత్తుకున్నా దానికి ఒకటే. నాకు లోపల ఒకటే టెన్షన్.

ప్రసవంలో, చనుపాలు ఇచ్చేటప్పుడు తల్లిలో బంధాన్ని పెంచుతుందని చెప్పే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. నాకు ఆ రెండూ లేవు. అయితే పిల్లల్ని ప్రధానంగా తామే పెంచే తండ్రుల మెదడులో అమిగ్డాలా (భావోద్వేగాలకు స్పందించే భాగం) తల్లుల్లో లాగే చురుగ్గా స్పందిస్తుందని 2014 నాటి ఒక అధ్యయనంలో తేలింది. అది చదివాక కొండంత ధైర్యం వచ్చింది. 2023లో ఇంకో సంగతి బయటపడింది. ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకాలు లేని ప్రెయిరీ వోల్‌లు (ఎలుకల్లాంటి జీవులు) కూడా జంట కట్టాయి, పిల్లలకు పాలిచ్చాయి. అంటే ఒక్క హార్మోన్ మీదే అంతా ఆధారపడి లేదనే నాకనిపిస్తోంది.

దత్తత తీసుకున్నవాళ్లు, పిల్లల డాక్టర్లు దయచేసి చెప్పండి. కొన్నాళ్లు పాలు నేనొక్కదాన్నే పట్టడం, ఒంటికి హత్తుకుని నిద్రపుచ్చడం వల్ల తేడా ఉంటుందా? మీ పిల్లలు మీకోసమే వెతుక్కోవడం ఎప్పుడు మొదలైంది? కళ్లు కలపకపోవడాన్ని ఎంతవరకు మామూలుగా తీసుకోవచ్చు, ఎప్పుడు డాక్టర్‌కి చూపించాలి?